ఉచిత లాయరు గడువు దాటాక దొరికితే నష్టం ఎవరెవరికి? సివిల్, క్రిమినల్, కూలి, భూమి కేసుల మీద చర్చ

గడువులెక్క

రాజ్యాంగంలోకి ఉచిత న్యాయసహాయం గురించిన 39ఎ అధికరణం 1976లో 42వ సవరణతో వచ్చింది. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987లో చేశారు, అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబరు 9న. ఆ చట్టం 12వ సెక్షన్‌లో అర్హుల జాబితా చాలా పెద్దది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, మనుషుల అక్రమ రవాణా బాధితులు, వరద, కరువు, భూకంప బాధితులు, వీళ్లెవరికీ ఆదాయంతో పని లేదు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. అంటే దేశంలో చాలామందికి ఉచిత లాయరు హక్కుగా ఉన్నట్టే.

అయినా ఆ లాయరు కేసులోకి వచ్చేసరికి తేలాల్సింది తేలిపోయి ఉంటుంది. సమన్లు అందిన మొదటి నెల, అరెస్టయిన మొదటి 24 గంటలు, పొలం లోంచి గెంటేసిన మొదటి ఆరు నెలలు, కేసు నిలబడేదీ పోయేదీ అక్కడే. మన చట్టాలు చాలావరకు వాటంతటవి అమలు కావు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి, దావా వేయాలి, గడువులో జవాబివ్వాలి. ఆ పని చేయలేనివాళ్లు ఒక ఊళ్లోనో ఒక రంగంలోనో ఎక్కువైతే అక్కడ ఆ చట్టం అందరికీ లేనట్టే అవుతుందని నా అభిప్రాయం. కోర్టు గుమ్మం ఎప్పుడూ ఎక్కనివాళ్ల మీద కూడా ఆ భారం ఎలా పడుతుందో ఎవరి రంగంలో వాళ్లు వివరంగా రాయండి. గడువులు, సెక్షన్లు, కాగితాలతో సహా.

సివిల్‌వకాల్తా

ప్రామిసరీ నోటు దావాలతో మొదలుపెడతాను. జూనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో లాయరు ఉండడానికీ లేకపోవడానికీ తేడా కళ్లకు కట్టినట్టు కనిపించేది వీటిలోనే.

సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి. కోర్టు కారణాలు నమోదు చేసి 90 రోజుల దాకా పొడిగించవచ్చు. సమన్లతో పాటు దావా ప్రతి వస్తుంది. అప్పు తీసుకున్న మనిషి ఆ కాగితం పట్టుకుని లాయరు దగ్గరికి పోడు, నేరుగా అప్పిచ్చినాయన ఇంటికే పోతాడు. ఆయన "నువ్వు కోర్టుకి రానక్కర్లేదు, కొంత కట్టు, మిగతాది నే చూసుకుంటా" అంటాడు. వాయిదా రోజు పేరు పిలిస్తే పలికేవాళ్లుండరు. ఎక్స్‌పార్టీ, అంటే ప్రతివాది రాలేదని రాస్తారు. వాది అఫిడవిట్, అసలు నోటు దాఖలైతే డిక్రీ, అంటే డబ్బు కట్టాలనే తీర్పు, అయిపోతుంది. 50,000 అప్పుకి నోటులో 3 లక్షలు నింపి ఉన్నా అడిగే నోరు లేదు.

లాయరుంటే అదే దావా వేరే దారిలో నడుస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. "ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకున్నారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే లాభం లేదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం స్టాంపు అంటించిన ఖాళీ కాగితం సంతకం చేసి ఇస్తే నింపుకునే అధికారం ఇచ్చినట్టే. 118వ సెక్షన్ ప్రకారం సంతకం ఒప్పుకున్నాక డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. దాన్ని సాక్ష్యంతో తిప్పికొట్టాలి. నోటు రాసిన మనిషినీ సాక్షి సంతకాలు చేసినవాళ్లనూ విడివిడిగా ప్రశ్నించాలి: డబ్బు ఎవరింట్లో లెక్కపెట్టారు, ఏ పూట, ఎవరు ముందు సంతకం చేశారు, అప్పుడు పక్కన ఎవరున్నారు. వాదికి అంత మొత్తం ఇచ్చే స్తోమత ఉందా, బ్యాంకులోంచి తీశాడా, ఆదాయపు పన్ను రిటర్నులో ఆ అప్పు చూపాడా. అంకె దిద్ది ఉంటే, అది ముఖ్యమైన దిద్దుబాటైతే, 87వ సెక్షన్ కింద నోటే చెల్లకుండా పోతుంది. ఇవన్నీ మొదటి జవాబులో పునాది వేసుకుంటేనే తర్వాత అడగనిస్తారు.

ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దుకి ఆర్డర్ 9 రూల్ 13 కింద 30 రోజుల గడువు. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. అసలు తెలిసేదే ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) నోటీసు ఇంటికొచ్చినప్పుడు. అప్పుడు కొంత మొత్తం జమ చేస్తేనే రద్దు చేస్తామని కోర్టు షరతు పెట్టవచ్చు.

అమలు దశలో కూడా రక్షణలున్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద కూలి డబ్బు, ప్రావిడెంట్ ఫండు, వ్యవసాయదారు ఇల్లు, పనిముట్లు జప్తు చేయకూడదు. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగతా దాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 56వ సెక్షన్ ప్రకారం డబ్బు డిక్రీకి ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. కట్టే స్తోమత లేనివాణ్ని కేవలం బాకీ ఉన్నాడని సివిల్ జైలుకి పంపకూడదని జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఎవరో ఒకరు లేచి చెబితే తప్ప ఇవి కోర్టు ముందుకు రావు.

మిగతావాళ్లకేంటి అన్నారు. ఎదిరించి వాదించే ప్రతివాదే లేని చోట ఖాళీ నోటు అప్పుకి మామూలు షరతైపోతుంది. చదువుకున్నవాడైనా, చిన్న వ్యాపారస్తుడైనా దాని మీద సంతకం పెట్టకుండా చేబదులు పుట్టదు. ఇచ్చింది ఇచ్చినట్టు రాసుకునే మనిషికీ, ఎక్కువ నింపుకునే మనిషికీ కోర్టులో తేడా లేకపోతే రెండోవాడే ఊళ్లో నిలదొక్కుకుంటాడు.

సందేహం

అంతా బాగానే ఉంది. కానీ కోర్టులు ఇప్పటికే పెండింగు కేసులతో కిక్కిరిసి ఉన్నాయి. ప్రతి ప్రతివాదికీ ఒక లాయరునిస్తే ఇప్పుడు రెండు వాయిదాల్లో తేలే దావా ఐదేళ్లు నడుస్తుంది. పన్ను కట్టేవాళ్ల డబ్బుతో పెండింగు పెంచుకోవడం కాదా ఇది?

జామీనుకాగితం

సందేహం గారూ, పెండింగు మాట సివిల్ వాళ్లకే వదిలేస్తాను. క్రిమినల్ వైపు లెక్క చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 జైలు లెక్కల్లో దేశం మొత్తం ఖైదీలు 5,73,220. అందులో విచారణ ఖైదీలు 4,34,302, అంటే నూటికి 75.8 మంది. జైళ్లలో చోటు 4,36,266 మందికే. వీళ్ల తిండి, కాపలా, వైద్యం, కోర్టుకి తీసుకెళ్లే ఎస్కార్టు, అన్నిటికీ ఖజానాయే పెట్టాలి. పన్ను డబ్బు ఎక్కడ పోతోందో చూడాలంటే ముందు ఇక్కడ చూడాలి.

బెయిల్ ఉత్తర్వు వచ్చాక కూడా మనిషి లోపలే ఎందుకుంటాడో ఒకసారి కాగితాల వరసలో చూద్దాం. "25,000 రూపాయల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు" అని ఉత్తర్వు ఉందనుకోండి. ఇద్దరూ కోర్టుకి రావాలి. ఒక్కొక్కరికి ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రశీదు లేదా పట్టాదారు పాసు పుస్తకం, చాలా కోర్టుల్లో తహసీల్దారు ఇచ్చే ఆస్తి విలువ పత్రం. ఇంకెంతమందికి జామీను ఉన్నారో బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 486వ సెక్షన్ కింద ప్రకటన ఇవ్వాలి. తర్వాత పరిశీలన. పాసు పుస్తకంలో తండ్రి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే వెనక్కి. ఆస్తి వేరే జిల్లాలో ఉంటే వెనక్కి. సరిగ్గా ఈ కారణం మీదే, ఒక తాపీమేస్త్రీ తెచ్చిన జామీను వేరే జిల్లా ఆస్తి అని తోసిపుచ్చినందుకు, 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. ఇప్పటికీ అదే అభ్యంతరం వినపడుతూనే ఉంది. జామీను అంగీకరించాక విడుదల ఉత్తర్వు జైలుకి చేరాలి. అక్కడ ఇంకో కేసులో పీటీ వారెంటు (ఖైదీని ఆ కోర్టులో హాజరుపరచాలనే ఉత్తర్వు) ఉంటే మళ్లీ మొదటికి.

చట్టంలో విడుదల దారులు కొన్ని ఉన్నాయి, ఒక్కోదానికీ గడియారం ఉంది:

బెయిలబుల్ కేసులో వారంలోగా జామీను తేలేకపోతే పేదవాడిగానే భావించి సొంత పూచీకత్తు మీద వదలాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 478, పాత సీఆర్‌పీసీ 436.

ఛార్జిషీటు 60 రోజుల్లో, పదేళ్లు ఆపైన శిక్ష ఉన్నవాటిలో 90 రోజుల్లో పడకపోతే 187(3) కింద బెయిల్ హక్కు. కానీ ఛార్జిషీటు పడేలోపే అడగాలి. 61వ రోజు పొద్దున పిటిషన్ వేసే మనిషి లేకపోతే, ఆ సాయంత్రం ఛార్జిషీటు పడితే, హక్కు పోయినట్టే. డబ్బున్నవాడి లాయరు ఆ తేదీని డైరీలో ముందే గుర్తు పెట్టుకుంటాడు.

గరిష్ఠ శిక్షలో సగం, తొలిసారి నిందితుడైతే మూడో వంతు జైల్లో గడిపితే 479 కింద విడుదల. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది లేదు, ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నా అడ్డం వస్తుంది.

బెయిల్ వచ్చి వారం దాటినా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని, నెల దాటితే కోర్టు తనంతట తానే షరతులు సడలించే సంగతి చూడాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవి అందని మనిషి చేసే పని ఒకటుంది: నేరం ఒప్పుకోవడం. చిన్న కేసుల్లో అప్పటికే గడిపిన జైలు కాలం శిక్షలో సరిపోతుంది, ఆ రోజే ఇంటికి పోవచ్చు. కానీ శిక్ష పడినట్టు రికార్డయ్యాక ఉద్యోగ వెరిఫికేషన్‌లో అడ్డం, మళ్లీ ఏ కేసులో ఇరికించినా 479 కింద తొలిసారి నిందితుడనే మూడో వంతు వెసులుబాటు ఉండదు. ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది: రిమాండ్ రిపోర్టును (కస్టడీ ఎందుకో పోలీసులు కోర్టుకిచ్చే కాగితాన్ని) ఎవరూ ప్రశ్నించని చోట దర్యాప్తు పల్చబడుతుంది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో రాయాలని 2014 అర్నేష్ కుమార్ తీర్పు. అడిగేవాళ్లు లేకపోతే అచ్చు వాక్యాలే నింపుతారు. తప్పు మనిషి ఒప్పుకుంటే కేసు మూతపడుతుంది, అసలు దొంగ అదే వీధిలో తిరుగుతుంటాడు.

తీర్పుకాపీ

జామీనుకాగితం గారి పోస్టుకి ఒక చేర్పు. మేజిస్ట్రేటు ముందు మొదటిసారి హాజరుపరచిన క్షణం నుంచే ఉచిత లాయరు హక్కు ఉందని, ఆ సంగతి నిందితుడికి చెప్పడం మేజిస్ట్రేటు బాధ్యత అని 1981 ఖత్రీ కేసులో తేల్చారు. భాగల్‌పూర్‌లో విచారణ ఖైదీల కళ్లు పొడిచిన ఉదంతం అది. 1986లో సుక్‌దాస్ కేసు ఇంకో అడుగు వేసింది: నిందితుడు అడగలేదు కాబట్టి ఇవ్వలేదంటే కుదరదు, లాయరు లేకుండా వేసిన శిక్ష చెల్లదు. అరుణాచల్ ప్రదేశ్‌లో లాయరు లేకుండా విచారణ ఎదుర్కొన్న మనిషి కేసది. ఇవాళ ఎంత పెద్దవాడు అరెస్టయినా ఈ రక్షణలే అతనికీ వర్తిస్తాయి.

అరెస్టు మెమో, బంధువులకు సమాచారం, 48 గంటలకోసారి వైద్య పరీక్ష, ఇవన్నీ పెట్టిన డి.కె.బసు కేసు కూడా మొదలైంది పశ్చిమ బెంగాల్ లీగల్ ఎయిడ్ సంస్థ అధ్యక్షుడు 1986లో సుప్రీంకోర్టుకు రాసిన లేఖతో. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు బీహార్ జైళ్లలో, నేరం రుజువైనా పడేంత శిక్షకన్నా ఎక్కువ కాలం మగ్గిన విచారణ ఖైదీల గురించి. సత్వర విచారణ హక్కు అని ఇవాళ ఏ కార్పొరేట్ కేసులో వాదించినా మూలం అక్కడుంది.

పై కోర్టుకి ఏ కేసు వెళ్తుందన్నదాన్ని బట్టే చట్టానికి అర్థం ఏర్పడుతుంది. అప్పీలు ఖర్చు ఒక పక్షమే భరించగలిగితే పూర్వోదాహరణలు (తర్వాతి కేసులకు దారి చూపే పాత తీర్పులు) ఆ పక్షం ఎంచుకున్న కేసుల నుంచే పుడతాయి. బీమా కంపెనీ, బ్యాంకు, పెద్ద యజమాని తమకు అనుకూలమైన వాస్తవాలున్న కేసును పైదాకా మోసుకెళ్తారు, ప్రతికూలమైనదాన్ని రాజీ చేసుకుంటారు. ఎదుటివాడికి ఆ ఎంపిక లేదు. ఈ వంకర పదేళ్లకో ఇరవై ఏళ్లకో బయటపడుతుంది. ఈ చర్చలో మిగతావన్నీ సరిచేసుకున్నా ఇది సరిచేయడం కష్టం.

సివిల్‌వకాల్తా

@సందేహం గారికి. రెండు వాయిదాల్లో తేలింది అనుకుంటున్నారు గానీ అది అక్కడితో తేలదు. ఎక్స్‌పార్టీ డిక్రీ మీద రద్దు పిటిషన్, ఆలస్యం మన్నింపు పిటిషన్, ఈపీలో స్టే, కొట్టేస్తే అప్పీలు. ఒక దావాకి నాలుగు నంబర్లు పడతాయి. మొదట్లోనే జవాబు పడి ఉంటే కొన్ని దావాలైనా మధ్యవర్తిత్వంలో అసలు మొత్తం దగ్గర ఆగేవి.

లాయరు లేకుండా వేసే దావాల సంగతి ఇంకా ఘోరం. ప్రభుత్వం మీద దావాకి 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసివ్వాలి, అది లేక వెనక్కొస్తుంది. కోర్టు ఫీజు తక్కువ కట్టి వెనక్కొస్తుంది. పరిధి లేని కోర్టులో వేసి ఏడాది తర్వాత వెనక్కొస్తుంది. లాయరు చేసే మొదటి మేలు నిలవని కేసు వేయొద్దని చెప్పడమే. ఆ జల్లెడ లేక కోర్టు గుమాస్తా బల్ల మీద పేరుకుపోయే కాగితం కూడా భారాన్ని పెంచేదే.

కోర్టు ఫీజు కట్టలేనివాళ్లకు ఆర్డర్ 33 ఉంది. నిరుపేద వాదిగా అనుమతి తీసుకుని ఫీజు లేకుండా దావా వేయవచ్చు, లాయరు లేకపోతే రూల్ 9ఎ కింద కోర్టే నియమించవచ్చు. పిటిషన్‌లో ఆస్తుల జాబితా పూర్తిగా రాయాలి. చిన్న స్థలం ఒకటి దాచారని ఎదుటివాళ్లు చూపిస్తే అనుమతి పోతుంది. ఎక్కువ తిరస్కరణలు ఈ జాబితా దగ్గరే.

మజూరీఖాతా

కూలి కేసుల గురించి. కనీస వేతనాల చట్టం 1948 కింద తక్కువ ఇచ్చిన కూలికి క్లెయిమ్ గడువు ఆరు నెలలే ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో 45వ సెక్షన్ దాన్ని మూడేళ్లు చేసింది. బకాయితో పాటు పదింతల దాకా పరిహారం వేయవచ్చు. చెల్లించానని నిరూపించాల్సింది యజమానేనని 59వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీద ఇంతకన్నా బలమైన కేసు ఉండదు.

అయినా ఓడిపోతారు. యజమాని రిజిస్టరులో పూర్తి కూలి ముట్టినట్టు వేలిముద్ర ఉంటుంది. దాన్ని దెబ్బతీయడానికి కావలసినవి కార్మికుడి దగ్గరే ఉంటాయి, కానీ అవి సాక్ష్యమని అతనికి చెప్పేవాళ్లుండరు: గేటు పాసు, మేస్త్రీ పంపిన వాట్సాప్ హాజరు, ఫోన్‌పే జమలు, సైటులో తీసిన తేదీ ఉన్న ఫొటో, తోటివాళ్ల పేర్లు. ఫోను మార్చితే పోతాయి. సైటు మూసి కాంట్రాక్టరు వెళ్లిపోయాక ప్రధాన యజమాని (కాంట్రాక్టరుకి పని ఇచ్చినవాడు) పేరు కూడా తెలియదు. కాంట్రాక్టరు ఎగ్గొడితే ప్రధాన యజమాని కట్టాలని చట్టముంది, కానీ అతన్ని పార్టీగా చేర్చకుండా వేసిన క్లెయిమ్ గెలిచినా వసూలు కాదు. మొదటి రోజు ఒక గంట సలహా దొరికితే సరిపడే పని ఇది, తర్వాత పెద్ద లాయరుని పెట్టినా ఆ కాగితాలు పుట్టవు.

దీని ప్రభావం ఆ సైటు దాటి పోతుంది. కనీస కూలి ఎగ్గొట్టేవాడు టెండరులో తక్కువ రేటు వేయగలడు. సరిగ్గా కూలిచ్చే కాంట్రాక్టరు ఓడిపోతాడు, రెండోసారి అతనూ తగ్గిస్తాడు. ప్రావిడెంట్ ఫండ్ జమ కాదు, ముసలితనంలో ఆ మనిషి ప్రభుత్వ పింఛను మీదే ఆధారపడతాడు. ఒక జిల్లాలో పదింతల పరిహారంతో రెండు మూడు ఉత్తర్వులు పడితే చాలు, ఆ చుట్టుపక్కల మిగతావాళ్లు లెక్కలు సరిచేసుకుంటారు. ఒక క్లెయిమ్‌కి అంత బలం.

సందేహం

కూలి విషయంలో ఒప్పుకుంటాను. కానీ దానికి లేబర్ అధికారులు ఉన్నారు కదా. తనిఖీ వాళ్ల పని.

మజూరీఖాతా

వాళ్లు చూసేది రిజిస్టరే అండీ. రిజిస్టరు అబద్ధమని చెప్పే మనిషి ధైర్యంగా ముందుకొస్తేనే తనిఖీకి విలువ. రేపు పనిలోంచి తీసేస్తే తన తరఫున నిలబడే లాయరు ఉన్నాడని తెలిస్తేనే ఆ మనిషి నోరు విప్పుతాడు.

అడంగల్

భూమి గురించి క్లుప్తంగా రాస్తాను, ఎంత రాసినా తరగదు కాబట్టి.

పొలం లోంచి బలవంతంగా గెంటేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లో దావా వేస్తే హక్కు పత్రాల గొడవ లేకుండానే స్వాధీనం తిరిగొస్తుంది. మునుపు స్వాధీనంలో ఉన్నామని చూపిస్తే చాలు. ప్రభుత్వం మీద మాత్రం ఈ సెక్షన్ పనికిరాదు. ఆరు నెలలు దాటితే హక్కు నిరూపించుకునే పూర్తి దావా వేయాలి, దానికి లింకు డాక్యుమెంట్లు, సర్వే, కమిషనరు, ఏళ్లు. పన్నెండేళ్లు దాటితే ఎదుటివాడు ప్రతికూల స్వాధీనం, అంటే ఇన్నేళ్లు నా చేతిలో ఉంది కాబట్టి నాదే, అంటాడు. పెద్దమనుషుల పంచాయితీలో పెట్టి "వచ్చే పంటకి చూద్దాం" అనిపించడమే ఆక్రమించినవాడి ఎత్తు. ఆ ఆరు నెలలు అలా కరిగిపోతాయి.

రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్టరు చేయకూడని భూముల జాబితా) సర్వే నంబరు మొత్తం ఎక్కించేస్తే అందులో రెండెకరాల ప్రైవేటు పట్టా ఉన్నవాడు అమ్ముకోలేడు. డబ్బున్నవాడు హైకోర్టులో రిట్ వేసి తీయించుకుంటాడు, తన సబ్‌డివిజన్ వరకే. పక్క గట్టు రైతుది అలాగే ఉంటుంది. ఒకే సర్వే నంబరులో సగం భూమికి మార్కెట్ ధర, సగానికి నోటిమాట అగ్రిమెంటు ధర. ఆ అగ్రిమెంట్లు కొన్నవాళ్లే రేపటి సివిల్ కేసులు.

ఏజెన్సీలో 1959 భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ, మనం 1/70 అనేది, గిరిజనేతరుల పేర బదిలీని చెల్లదంటుంది. అది అమలయ్యేది స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ముందు కేసు నడిస్తేనే. అక్కడ అవతలివైపు లాయరుంటాడు, ఇవతలివైపు పహాణీ చదవడం రాని ముసలాయన నిలబడతాడు. చట్టం ఎంత గట్టిదైనా ఆ గదిలో తేలేది నకళ్ల మీదే.

రికార్డు నమ్మదగ్గది కాకపోతే నష్టం కొనేవాడికీ, అప్పిచ్చే బ్యాంకుకీ. అందుకే లీగల్ ఒపీనియన్ అనీ, ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి లావాదేవీల పత్రం) అనీ ప్రతి కొనుగోలుదారూ తిరగాల్సి వస్తోంది. ఆ ఖర్చు అందరి నెత్తినా పడుతుంది.

న్యాయసేవ_వలంటీరు

అందరూ పెద్ద కేసులు రాశారు. రోజూ కౌంటరుకి వచ్చే విషయం ఇంకోటుంది. గృహహింస చట్టం 2005 కింద పిటిషన్ వేశాక మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లో ఉండాలి, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు, 19 కింద ఆ ఇంట్లోనే ఉండే ఉత్తర్వు అడగవచ్చు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు. ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత పోలీసు అధికారి మీదా, ప్రొటెక్షన్ ఆఫీసరు మీదా చట్టంలోనే ఉంది. చెప్పరు. ఫలితంగా స్టేషన్‌లో కూర్చోబెట్టి రాజీ కాగితం రాయించి పంపుతారు. ఆ కాగితానికి అమలు లేదు, రెండోసారి దెబ్బలు తిని వచ్చినప్పుడు అదే కాగితం "ఆమే ఒప్పుకుంది" అని ఎదురు తిరుగుతుంది.

ఇక రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్ మీద ఎవరూ ఏమీ అనలేదు. మంచి వేదిక, కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, త్వరగా తేలుతుంది. కానీ న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అక్కడి తీర్మానం (అవార్డు) సివిల్ డిక్రీతో సమానం, అప్పీలు లేదు. 2008 జాలూర్ సింగ్ తీర్పు ప్రకారం చాలా పరిమిత కారణాల మీద హైకోర్టు రిట్ ఒక్కటే దారి. ప్రమాద పరిహారం కేసుల్లో బీమా కంపెనీ ప్యానెల్ లాయరుతో వస్తుంది, అవతలివాళ్లు ఆసుపత్రి అప్పులతో వస్తారు. పరిహారం లెక్క, అంటే ఆదాయం, వయసుని బట్టి గుణించే అంకె (మల్టిప్లయరు), భవిష్యత్ పెరుగుదల, తమ వైపు ఎవరూ వేయకుండా సంతకం పెడితే ఆ తక్కువ అంకె ఖాయమైపోతుంది. ఎన్ని కేసులు తేలాయన్న పట్టికలో ఆ తేడా కనపడదు.

గడువులెక్క

వలంటీరు గారూ, దరఖాస్తు ఎక్కడ ఆగుతుందో కూడా రాస్తే అందరికీ పనికొస్తుంది. లాయర్ల నాణ్యత గురించి కూడా.

న్యాయసేవ_వలంటీరు

నాణ్యత గురించి ముందు చెబుతాను, దాచాల్సిందేం లేదు. ప్యానెల్ లాయరుకి (న్యాయసేవా సంస్థ జాబితాలోని ప్రైవేటు లాయరుకి) ఇచ్చే ఫీజు తక్కువ, అదీ కేసు దశలు ముగిశాక బిల్లు పెట్టుకుంటే వస్తుంది. తన సొంత కేసు అదే రోజు ఉంటే దీన్ని వాయిదా కోరతాడు. అందుకే 2022లో క్రిమినల్ కేసుల కోసం లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి తెచ్చారు. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంటు, అందరూ పూర్తికాలం, ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదు. నా దృష్టిలో ఇది సరైన దారి, సివిల్ వైపు కూడా రావాలి. యావజ్జీవం, ఉరి పడే కేసుల్లో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లనే కోర్టు నియమించాలని, తయారీకి మామూలుగా కనీసం ఏడు రోజులివ్వాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో లాయరుని పెట్టిన రోజే అభియోగాలు నమోదయ్యాయి.

దరఖాస్తుకి వస్తే, మండల స్థాయిలో కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవా కమిటీ, జిల్లా కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటాయి. హైకోర్టుకి, సుప్రీంకోర్టుకి విడి కమిటీలు. ఫోను 15100, నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) వెబ్‌సైటులో కూడా పెట్టుకోవచ్చు. రాయలేనివాళ్లు నోటితో చెబితే తీసుకోవాలి. జైల్లో ఉన్నవాళ్లు అక్కడి లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఇవ్వాలి. లాయరు ఫీజే కాదు, కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు, అనువాదం కూడా ఈ సహాయంలో భాగమే.

ఆగేచోట్లు ఇవి. ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిప్పుతారు. న్యాయసేవాధికార సంస్థల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది, అనుమానించే కారణం లేకపోతే ఆదాయం మీద అఫిడవిట్ చాలు. మహిళ, ఎస్సీ, ఎస్టీ, కస్టడీ కేసుల్లో అసలు ఆదాయం అడగకూడదు. రెండు, "మీ సమస్య ఏమిటి" అన్న చోట కథ రాస్తారు, చేతిలో ఉన్న నోటీసు తేదీ రాయరు. తదుపరి వాయిదా తేదీ, కేసు నంబరు, కోర్టు పేరు మొదటి వరుసలో ఉండాలి. వాయిదా రేపుంటే ఆ మాట ఎర్ర సిరాతో రాయించండి, లేకపోతే ఫైలు వరుసలో వెనక పడుతుంది. మూడు, కేటాయించిన లాయరు విడిగా డబ్బు అడిగితే అది నిషేధం. కార్యదర్శికి రాసి ఇస్తే లాయరుని మార్చుతారు, పాత లాయరు దగ్గరి కట్ట వెనక్కి తీసుకునే బాధ్యత కూడా సంస్థదే.

సివిల్‌వకాల్తా

దీనికి ఒక్కటి కలపండి. దరఖాస్తు ఇచ్చిన రోజే తేదీ, నంబరు, ముద్రతో రశీదు తీసుకోవాలి. సహాయం మంజూరయ్యేలోపు అప్పీలు గడువో ఎక్స్‌పార్టీ రద్దు గడువో దాటితే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నింపుకి ఆ రశీదే ఆధారం. దావాలకు మాత్రం 5వ సెక్షన్ వర్తించదు. నోటు బాకీ వసూలైనా, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ స్వాధీనమైనా, చివరి తేదీ దగ్గర్లో ఉంటే దరఖాస్తు తేలేదాకా ఆగకుండా కార్యదర్శిని కలిసి ముందు దావా నంబరు వేయించుకోవాలి, కోర్టు ఫీజు లోటుంటే గడువడిగి తర్వాత కట్టుకోవచ్చు.